తొమ్మిది గ్యాసులైట్లు

మొన్న మా మనవరాలికి ఏడాది నిండితే మా కోడలు ఇంటి వెనక పెరడంతా లైట్లు పెట్టించింది. పిల్లకేమో ఇంకా నిలబడడం చేతకాదు. గోడ పట్టుకొని లేచి దబ్బున కూలబడుతుంది. దానికి ఇన్ని దీపాలు ఏం చేసుకోవడానికని అడిగాను. "మీకు తెల్దులే అత్తా, ఇప్పుడంతా ఇట్లనే చేస్తాండారు" అంది. తెలియదట! దీపాల సంగతి నాకు తెలియదట! సరే, మహాతల్లీ అనుకొని వెనక వసారాలో కుర్చీ వేసుకొని కూర్చున్నాను.

లైట్లు కట్టడానికి హిందూపురం బజారు నుంచి ఒకాయన వచ్చాడు. నడివయసు మనిషి, చేతిలో ఫోను, ఫోను నిండా ఎవరెవరి పెరళ్ళో. మునగచెట్టు నుంచి మామిడిచెట్టుకు బుల్బుల దండలు లాగుతాడట. గేటు నుంచి తోవ పొడుగునా సోలారు దీపాలు గుచ్చుతాడట. గోడకు కింది నుంచి పైకి వెలుగు కొట్టిస్తాడట. భోజనాల బల్లల మీద మాత్రం పట్టపగల్లా ఉండాలట, లేకపోతే ఫొటోలు రావట. మా కోడలు తల ఊపుతోంది. ఆమె తల ఎటు ఊగితే మా కొడుకు తల అటు ఊగుతోంది.

అంతటితో ఆగి ఉంటే నాకు పోయేదేమీ లేదు. ఆయన ఒక గోనెసంచి విప్పి అందులోవి వరసగా కింద పెట్టాడు. గ్యాసులైట్లు! నిజమైనవి కావులెండి. రేకు బుడ్డి, గాజు, పైన టోపీ, పక్కన పంపు, అన్నీ ఉన్నాయి. పంపు కదలదు, లోపల బ్యాటరీ బుల్బు.

"పాతకాలం మోడలమ్మా. బల్లల పైన వరసగా యాలాడదీస్తాం. సౌండు గూడా వస్తాది, సూడండి" అని మీట నొక్కాడు. సుయ్యిమంది.

"కిరసనాయిలు కంపు గూడా వస్తాదా అప్పా?" అన్నాను.

ఆయన నవ్వాడు. నేను నవ్వలేదు.

"ఎన్ని తెచ్చినావు?"

"తొమ్మిదమ్మా."

తొమ్మిది. ఎనిమిది తేకూడదా, పది తేకూడదా ఆ మనిషి!

అంతకు ముందు రోజే మృగశిర వాన పడింది. ఆ రోజు పొద్దుటి నుంచి గాలి లేదు, ఒకటే ఉక్క. మామిడిచెట్టు మొదట్లో చీమలు గుడ్లు నోట కరచుకొని గోడెక్కుతున్నాయి. కాంపౌండు మూల తవ్వకుండా వదిలేసిన పుట్ట ఉంది, దాని మీద మట్టి కొత్తగా చిట్లి చిన్నచిన్న బొక్కలు పడ్డాయి. సాయంత్రం దీపాలు పెట్టే వేళకు ఏం జరగబోతుందో నాకు బాగా తెలుసు. లేచి ఒక్క మాట చెబితే సరిపోయేది. చెప్పలేదు. తెలియదన్నారుగా, తెలిసొస్తుందిలే అని కుర్చీలోంచి కదల్లేదు. నా బుద్ధి అంతే. పదకొండేళ్ళప్పుడు ఎట్లా ఉండిందో అరవై దాటినా అట్లాగే ఉంది. ఆ బుద్ధి ఒకసారి ఏం చేసిందో చెబుతాను.

మా ఊరు పెనుకొండకూ ధర్మవరానికీ మధ్యలో, బస్సు దిగి రెండు మైళ్ళు నడవాలి. మా నాయనకు ఒక అన్న, నాకు పెద్దనాయన. ఇద్దరిదీ ఒకే ఇల్లు. నాకు తొమ్మిదేళ్ళప్పుడు భాగాలు పంచుకున్నారు, ఇంటి మధ్యలో గోడ లేచింది. ఇల్లు చీలింది, దొడ్డి చీలింది, వెనక పెరడు చీలింది. పంపకాల్లో రుబ్బురోలు వాళ్ళకు పోయింది, అవ్వ మాకు వచ్చింది. మా అమ్మకు రోలు పోయిందనే బాధ చాలా కాలం ఉండేది.

పంపకాల రోజు పెద్దమనుషులు అవ్వను ఒక మాట అడిగారు. బావి పక్క చేను చిన్నకొడుక్కు ఇస్తానని తాత బతికుండగా అన్నాడా లేదా అని. అన్నాడు, అవ్వ అన్నాడనే చెప్పింది. ఆ రోజు నుంచి పెద్దనాయన అవ్వను అమ్మా అని పిలవలేదు. గోడ అవతలి నుంచి ఆయన దగ్గు వినిపిస్తే అవ్వ చేస్తున్న పని ఆపి వినేది. "చలికి తిరిగినట్టుండాడు, మిరియాలు నలిపి తాగమనండి" అనేది మాతో. ఎవరు చెబుతారు? వాళ్ళ కోడి గోడ దిగితే మా అమ్మ రాయి విసిరేది. మా పిల్లి వాళ్ళ పాలు తాగిందని పెద్దమ్మ ఒకసారి పొద్దెక్కేదాకా తిట్టింది. తిట్లన్నీ పిల్లికే. పిల్లి పుట్టిల్లు మడకశిర పక్కన ఎందుకయిందో మా అమ్మకు మాత్రం అర్థమయింది, ఎందుకంటే ఆమె పుట్టిల్లు అక్కడే.

పెద్దనాయన కూతురు మా అక్క, నాకంటే ఏడేళ్ళు పెద్దది. గోడ లేవక ముందు నేను ఆమె కొంగు పట్టుకొని తిరిగేదాన్ని. ఏడాదికొకసారి, మొదటి వాన పడ్డ మర్నాడు, అవ్వ మా ఇద్దరినీ వెంటబెట్టుకొని వామిదొడ్లోకి పోయేది. గడ్డివామి వెనక ఒక పెద్ద పుట్ట ఉండేది. పొద్దు గూకే వేళ పుట్ట పక్కన గంగాళం పెట్టి, సగానికి నీళ్ళు పోసి, దాని మీద కర్రకు లాంతరు కట్టేది. కాసేపటికి ఉసుళ్ళు లేచేవి. రెక్కల చెదపురుగులు, వేలకు వేలు, బొక్కల్లోంచి పొగ లేచినట్టు లేచి వెలుగు చుట్టూ తిరిగి నీళ్ళలో పడేవి. మర్నాడు వాటిని ఎండబెట్టి, చేటలో చెరిగి రెక్కలు ఎగరగొట్టి, పెనం మీద వేయించేది అవ్వ. శనక్కాయలు వేగిన కమ్మటి వాసన వచ్చేది. బొరుగులు, రవ్వంత ఉప్పుకారం కలిపి ఒడిలో పోస్తే నేనూ అక్కా పోటీపడి తినేవాళ్ళం. ఇప్పుడు ఈ మాట చెబితే మా కోడలు చీ అంటుంది. అననీ.

ఆ కాలంలో మా ఇంట్లో రాత్రి భోజనాలకు ఒక పద్ధతి ఉండేది. వాన పడ్డ రోజుల్లో లాంతరు ఎప్పుడూ వామిదొడ్లోనే, గంగాళం మీద. మేము తినే దగ్గర ఆముదం దివ్వె ఒకటి, అదీ వత్తి తగ్గించి. "పురుగుకు ఎలుగు గావాల. దానికి గావాల్సింది దూరంగా పెడితే మనం నిమ్మళంగా తినొచ్చు" అనేది అవ్వ. ఉసుళ్ళు ఏ రోజు లేస్తాయో ఆమె ముక్కుకు తెలిసేది. పెండ్లో అమ్మవారి దేవరో పెట్టుకున్నవాళ్ళు ముందుగా వచ్చి "ఈ పొద్దు లేస్తాయా అవ్వా?" అని అడిగి పోయేవాళ్ళు. ఆమె మాట ఎప్పుడూ తప్పలేదు.

గోడ లేచాక వెనక పెరట్లో ఒకచోట రాయి ఊడి చిన్న బీట పడింది. అక్కా నేనూ ఆ బీట దగ్గర దొంగతనంగా మాట్లాడుకునేవాళ్ళం. నేను ఇటు నుంచి మామిడికాయ బద్ద ఇస్తే ఆమె అటు నుంచి కనకాంబరాలు ఇచ్చేది. ఇంట్లో ఎవరికీ తెలియదని అనుకునేవాళ్ళం. అవ్వకు తెలుసు. ఎవరైనా అటు వస్తుంటే గట్టిగా దగ్గేది.

అక్కకు ధర్మవరం సంబంధం వచ్చింది. పిల్లవాడు పెనుకొండలో ఏదో ఆఫీసులో గుమాస్తా. అక్కకు నచ్చాడు. బీటలోంచి ఆ మాట చెప్పేటప్పుడు ఆమె గొంతు వేరేగా ఉండింది. తాంబూలాలు పెట్టుకున్నారు, సాయంత్రం భోజనాలు వాళ్ళ వెనక పెరట్లో. ఊరంతటినీ పిలిచారు. మమ్మల్ని పిలవలేదు. అవ్వను కూడా పిలవలేదు.

పెద్దనాయన పెనుకొండ నుంచి ఎద్దులబండి మీద తొమ్మిది గ్యాసులైట్లు తెప్పించాడు. మా ఊళ్ళో అప్పటిదాకా ఎవరింటి పెండ్లికీ రెండుకు మించి వెలగలేదు. ఆరు లైట్లు బంతి మీద, అంటే తినేవాళ్ళ వరసల మీద, గుంజలకు కట్టించాడు. మిగిలిన మూడూ మా గోడ మీద పెట్టించాడు. "ఆ పక్కోళ్ళ కండ్లు చెదరాల" అని మాకు వినపడేటట్టే అన్నాడు. మా నాయన విని, కండువా భుజాన వేసుకొని చేనికి పోయాడు. పొద్దు గూకినా రాలేదు.

ఆ రోజు పొద్దున్నే నేను బీట దగ్గరికి పోయాను. అక్క ఏ చీర కట్టుకుంటుందో అడగాలని. అవతలి నుంచి బీటలో రాయి కూరి, సందుల్లో తడిమట్టి మెత్తి ఉంది. అక్కే మూసిందని నిశ్చయించుకున్నాను. ధర్మవరం వాళ్ళు వస్తున్నారు కదా, ఈ గోడవతల పిల్ల ఇప్పుడెందుకు అనుకుందిలే అని నా కడుపు మండింది.

ముందు రోజే మొదటి వాన పడింది. మధ్యాహ్నం అవ్వ వామిదొడ్లోకి పోయి చాలాసేపు రాలేదు. వచ్చి నన్ను మూలకు పిలిచింది. చేతికి పుట్టమన్ను అంటుకొని ఉంది.

"మీ పెద్దనాయన దగ్గరికి పో. నేను చెప్పే మాట అట్లనే చెప్పు. నాయనా, ఈ పొద్దు ఉసుళ్ళు లేస్తాయి. బంతి మీద లైట్లు పెట్టొద్దు. లైట్లన్నీ నీ దొడ్లోకి తీసుకపోయి, కింద నీళ్ళ గంగాళాలు పెట్టు. బంతికి ఆముదం దివ్వెలు సాలు, అని."

ఆ మాటకు రెండో సగం ఒకటి ఉంది. ఉసుళ్ళ గురించి కాదు. అది చెప్పేటప్పుడు అవ్వ నా ముఖం చూడకుండా చేతికంటిన మన్ను దులుపుకుంటూ చెప్పింది. ఆ సగం చివర్లో చెబుతాను, ఎందుకంటే నేనూ దాన్ని అంత ఆలస్యంగానే చెప్పాను. మొత్తం రెండుసార్లు నాచేత చెప్పించుకొని పంపించింది.

పోయాను. వీధి తిరిగి వాళ్ళ పక్కసందులోంచి పెరట్లోకి. ఓళిగలు, అవే బొబ్బట్లు, కాలుతున్న వాసన, కాగిన నెయ్యి, మల్లెపూలు, వాటన్నిటి మీద కిరసనాయిలు. లైట్లాయన కింద కూర్చొని ఒక్కొక్క లైటుకు చిన్న పట్టుసంచి లాంటి బట్ట కట్టి అంటిస్తున్నాడు. ఆ బట్ట ఒకసారి కాలిందంటే బూడిదే. ఆ బూడిదే తెల్లగా వెలుగుతుంది, పురుగు తగిలినా రాలిపోతుంది.

పెద్దమ్మ నన్ను చూసి నడుం మీద చేయి పెట్టుకుంది. "ఏమే, ఓళిగల వాసన గోడ దాటి వచ్చిందేమే? పిలవకనే దిగినావు!"

అక్కడున్న ఆడవాళ్ళంతా నవ్వారు. అక్క వాళ్ళ మధ్యలో పీట మీద కూర్చొని ఉంది, తల నిండా పూలు. ఆమె కూడా నవ్వింది. అందరి నవ్వూ ఒక ఎత్తు, అక్క నవ్వు ఒక ఎత్తు.

"పెద్దనాయనకు ఒక మాట చెప్పాల" అన్నాను.

"మీ ఇంటి మాటలు మాకు సాలు తల్లీ. ఇదో, తిని పో" అని ఒక ఓళిగ నా చేతిలో వేసింది పెద్దమ్మ.

పెద్దనాయన ఆరడుగుల దూరంలో ఉన్నాడు. గుంజ కింద నిలబడి లైటు ఇంకా పైకి కట్టమని అరుస్తున్నాడు. తిరిగి నన్ను చూశాడు. ఏం పాపా అని అడగబోయినట్టు నోరు కదిలింది కూడా. ఆరే అడుగులు. నేను వెనక్కి తిరిగి వచ్చేశాను. సందు మలుపులో ఆ ఓళిగ కుక్కకు వేశాను. తిననీ, అందరూ తిననీ, పురుగులతో కలిపి తిననీ అనుకున్నాను. అవును, ఆ మాటే అనుకున్నాను.

"చెప్పినావా?" అంది అవ్వ.

"చెప్పినా."

"రెండూ చెప్పినావా?"

"రెండూ చెప్పినా."

"ఏమన్నాడు?"

"ఊ అన్నాడు."

అవ్వ లోపలికి పోయి కాళ్ళూ చేతులూ కడుక్కొని, పెట్టెలోంచి ఉతికిన చీర తీసి కట్టుకుంది. తలకు నూనె రాసుకుంది. వచ్చి గోడ పక్కన అరుగు మీద కూర్చుంది. ఎందుకు కూర్చుందో నాకు తెలుసు. అయినా చెప్పలేదు.

పొద్దు గూకింది. తొమ్మిది లైట్లూ ఒక్కసారి అందుకున్నాయి. గోడ మీది మూడింటి వెలుగు నేరుగా వచ్చి అవ్వ ముఖం మీద పడింది. ఆమె కండ్లకు చేయి అడ్డం పెట్టుకొని గోడ పైకి చూసింది.

"ఇదేందే, లైట్లు ఇంగా బంతి మీదనే ఉండాయి! చెప్పినా అంటివే?"

"ఇన్లేదేమో" అన్నాను.

మొదట ఒకటి వచ్చింది. తర్వాత రెండు మూడు. లెక్కపెట్టే పని ఆ తర్వాత లేదు. వాళ్ళ దొడ్డిలోంచీ మా దొడ్డిలోంచీ లేచినవన్నీ ఆ వెలుగు మీదికే పోయాయి. అప్పుడే మొదటి బంతి కూర్చుంది, ధర్మవరం వాళ్ళు నలభై మంది. నేను అరుగు ఎక్కి గోడ మీద నుంచి చూశాను. పప్పులో పడ్డాయి, నెయ్యిలో పడ్డాయి, పాయసం మీద రెక్కలు తేలాయి. మగవాళ్ళ జుట్టులో, ఆడవాళ్ళ జాకెట్లలో దూరాయి. లైట్ల గాజుల్లో దూరి లోపలి బట్టలు రాల్చేశాయి. ఒక లైటు భగ్గుమంటే పిల్లలు కేకలు పెట్టారు.

పెండ్లికొడుకు మేనమామ చేయి విదిలించి ఆకు ముందు నుంచి లేచాడు. ఆయన వెంట బంతి మొత్తం లేచింది. మా సీమలో బంతిలోంచి లేవడమంటే చెంప మీద కొట్టినట్టే. పెద్దనాయన చేతులు జోడించాడు. తప్పయిపోయింది, ఇంకో బంతి వేయిస్తాను అన్నాడు. "పురుగుల కూడు తినేదానికి పిలిస్తివా?" అన్నాడు మేనమామ. అక్కడ ఊరుకొని ఉంటే ఏమయ్యేదో. ఊరుకుంటే ఆయన పెద్దనాయన ఎందుకవుతాడు?

"మీ ఇండ్లల్లో ఏయించుకొని తినరా వాటిని? ఇప్పుడు కొత్తగా పురుగులయినాయా!" అన్నాడు.

నిజమే, అందరూ తినేవాళ్ళే. అదే వాళ్ళకు మండింది. ధర్మవరం వాళ్ళు ఆకులు ఎత్తకముందే బండ్లు కట్టేశారు, సంబంధం ఆ పెరట్లోనే తెగిపోయింది.

ఆ గోలలో మా అవ్వ నా పక్కనే అరుగు మీద నిలబడి, గోడ పట్టుకొని అరుస్తోంది. "లైట్లు ఆర్పండప్పా! ఆర్పండి, పోతాయి!" మంచి రోజున దీపం ఆర్పమని ఎవరూ అనరు, కొండెక్కించమంటారు. కంగారులో ముసలామెకు ఆ మాట రాలేదు. పెద్దమ్మ గోడ వైపు తిరిగి రెండు చేతులూ ఎత్తింది. "సూడండి, ఊరోళ్ళంతా సూడండి! మా ఇంట్లో దీపాలు ఆరిపోవాలంట! మంచి చీర గట్టుకొని కూసోని సూస్తాంది!"

మా అమ్మ వంటింట్లో కొంగు నోటికడ్డం పెట్టుకొని నవ్వుతోంది. అవ్వ అరుగు దిగింది.

మర్నాడు పొద్దున పెద్దనాయన గోడ దగ్గరికి వచ్చాడు. రెండేళ్ళలో మొదటిసారి అవ్వతో మాట్లాడాడు.

"ఊరోళ్ళకంతా చెప్తావు గదా ఉసుళ్ళ సంగతి. నీకు తెల్దంటే నేను నమ్మను. గోడ అవతల నా కూతురు తాంబూలాలు. ఒక్క మాట చెప్పేదానికి నీకు నోరు రాలేదా?"

అవ్వ నా వైపు చూసింది. నేను వాకిట్లో కళ్ళాపి చల్లుతున్నాను, చెంబు చేతిలోనే ఉంది. ఒక్కసారే చూసింది. అంతా తెలిసిపోయింది ఆమెకు. నేను వంగి మళ్ళీ చెంబు నీళ్ళలో ముంచాను.

"మరిచిపోతిని నాయనా" అంది అవ్వ.

"మరిచిపోలేదు. కోరి సూసినావు. నీకు నేను సచ్చినోనితో సమానం" అని వెళ్ళిపోయాడు.

అవ్వ నన్ను తిట్టలేదు. కొట్టలేదు. ఎందుకు చేశావని అడగలేదు. మూడేళ్ళు బతికింది ఆ తర్వాత. ఆ మూడేళ్ళలో ఏ మాటా నాతో చెప్పి పంపలేదు. పక్కింటికి చేట అడగడానికి కూడా తానే కర్ర పట్టుకొని పోయేది. అవ్వ చనిపోయినప్పుడు పెద్దనాయన కర్మ చేయడానికి వచ్చాడు, పెద్దకొడుకు కదా. ముఖం మీద గుడ్డ తీసి చూడమన్నారు. తీయలేదు.

అక్కను మరుసటేడు కన్నడ సరిహద్దులో అగళి పక్క ఒక పల్లెకు ఇచ్చారు. ఆయన చెడ్డవాడు కాడు, మాటలే తక్కువ. అక్క కన్నడం నేర్చుకుంది, గొర్రెలు కాసింది, ముగ్గురిని పెంచింది. చావుల దగ్గర కలిసేవాళ్ళం. నాతో "బాగుండావా?" అనేది, అంతే. మిగిలిన వాళ్ళతో మాత్రం "నా బతుకు మా అవ్వ నోటి చలవ" అనేది. అన్న ప్రతిసారీ నేను విన్నాను. ఇన్నేళ్ళలో ఒక్కసారీ నోరు తెరవలేదు. ఇంకొకరిని పట్టుకొని అది చెడు, ఇది చెడు అని సాధించడానికి మాత్రం నా నోరు ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది, మా కోడలిని అడగండి.

ఇప్పుడు అక్క కొడుకు హిందూపురంలోనే ఉంటాడు. మా వాడికి స్నేహితుడు. ఈ కాలం వాళ్ళకు గోడల సంగతులు పట్టవు. మా కోడలు ఫోను చేసి పిలిచిందట, నాకు చెప్పకుండా. మొన్న సాయంత్రం దీపాలు పెట్టే ముందు గేటు దగ్గర కారు ఆగింది. కర్ర పట్టుకొని అక్క దిగింది. నా ఇంటి గడప ఆమె తొక్కడం అదే మొదలు.

ఆమెను తీసుకొచ్చి నేరుగా బల్లల దగ్గర కూర్చోబెట్టారు, ఆ తొమ్మిది లైట్ల కింద. ఆకులు వేసి ఉన్నాయి. లైట్లాయన మీట నొక్కాడు. తొమ్మిదీ సుయ్యిమన్నాయి. అక్క తలెత్తి చూసింది. మామిడిచెట్టు మొదట్లో చీమలను చూసింది. మూలనున్న పుట్టను చూసింది. కర్ర ఊతంతో లేచింది.

"ఏమప్పా, ఈ లైట్లు ఈడ ఎవురు పెట్టమన్నారు? నిన్న వాన పడలేదా? రొంచేపుంటే ఉసుళ్ళు లేస్తాయి, మీ అన్నాలు వాటి పాలయిపోతాయి. తీసి ఆ మూలకు కట్టండి, కింద నీళ్ళు పెట్టండి. బిరీన!"

మా కొడుకు తెల్లబోయాడు. లైట్లాయన ఏదో ఎల్‌ఈడీ అనబోయాడు. "ఉసుళ్ళకు తెలుస్తాదా నీ ఎల్‌ఈడీ? తీయి!" అంది అక్క. తర్వాత మెల్లగా నా వైపు తిరిగింది.

"నీకు తెల్దా ఇది? పొద్దుటి నుంచి ఈడనే కూసోని ఉండావంట. తెలిసీ నోరు మూసుకోని ఉండావా? అవ్వ పోలిక యాడికి పోతాది!"

అంతమంది ముందు. నేను కుర్చీలోంచి లేచాను.

"అవ్వ పోలిక కాదక్కా. అవ్వ చెప్పింది. నాతో చెప్పి పంపింది. నేనే చెప్పలేదు."

మా కోడలు పిల్లను ఎత్తుకొని అక్కడే నిలబడిపోయింది.

"వచ్చినావు గదా ఆ పొద్దు. మా అమ్మ ఓళిగ ఇచ్చింది నీకు" అంది అక్క.

"వచ్చినా. నువ్వు నవ్వినావని తిరిగి పోయినా. పొద్దున బీట మూసినావని."

"బీట మా నాయన మూసినాడే! నేను తియ్యబోతే చెయ్యి మీద కొట్టినాడు." అక్క ఒక అడుగు ముందుకు వచ్చింది. "ఏమని చెప్పి పంపింది అవ్వ? అట్లనే చెప్పు."

అట్లాగే చెప్పాను. రెండుసార్లు అప్పజెప్పించుకున్న మాట, ఒక్క ముక్క మరిచిపోలేదు. ఉసుళ్ళు, లైట్లు, గంగాళాలు, ఆముదం దివ్వెలు. తర్వాత రెండో సగం.

"నాయనా, పాప బంతిలో ఒక ఆకు నాకూ ఎయ్యి. పిలిస్తే వస్తా. పిలవకపోయినా ఏమీ అనుకోను, గోడ ఈ పక్క నుంచే అక్షింతలు ఏస్తా. అంతే అక్కా. చీర మార్చుకోని అందుకే కూసున్నింది."

అక్క మళ్ళీ కూర్చుంది. "తల కాడ దీపం ముట్టించేటప్పుడు గూడా తిట్టినా గదే ముసల్దాన్ని" అంది. "మా నాయన సచ్చేదాకా తిట్టినాడు. నువ్వు వింటా ఉండినావు."

"వింటా ఉండినా" అన్నాను.

లైట్లాయన తొమ్మిదీ విప్పి మూల గోడకు కట్టాడు. కింద ప్లాస్టిక్ తొట్లో నీళ్ళు పోశారు. బల్లల దగ్గర రెండు చిన్న దీపాలు మిగిలాయి. అన్నం కనపడేంత వెలుగు, మనిషి ముఖం సరిగ్గా కనపడనంత చీకటి. మూలలో మొదటి ఉసుళ్ళు తిరగడం మొదలుపెట్టాయి.

అక్క మా కోడలిని పిలిచింది. "నా పక్కన ఇంగొక ఆకు ఎయ్యమ్మా."

నేను కుర్చీ జరుపుకోబోయాను.

"నీకు గాదు" అంది అక్క. "అవ్వకు."

"పుట్టినరోజు నాడు పోయినోళ్ళకు ఆకు ఏంటికి పెద్దమ్మా..." అని గొణిగింది మా కోడలు. అక్క ఆమె వైపు చూసిన చూపుకు ఆకు వచ్చింది.

"నువ్వు వడ్డించు" అంది నాతో. "నిలబడి."

వడ్డించాను. పప్పు, చిత్రాన్నం, అలసందల వడ, ఓళిగ. అక్క తన ఆకులో చేయి పెట్టి తింటోంది, నా వైపు చూడలేదు. ఓళిగ మీద నెయ్యి వేస్తుంటే గరిటె ఆకు అంచుకు తగిలింది.

"ఇంగ రొంత ఎయ్యి" అంది అక్క. "అవ్వకు నెయ్యంటే ఇష్టం."